అల్పకంఠునికి ఒక ఆలంబనం

పాణినీయ శిక్షలో అధమపాఠకులు ఆరుగురని చెప్పబడింది. రాగం తీస్తూ చదివేవాడు, తొందరపడి చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, వ్రాతప్రతి చూచి చదివేవాడు, అర్థమెరుగక చదివేవాడు, చివరివాడు అల్పకంఠుడు. అనగా గొంతు చాలనివాడు. బాల్యంలో గురువుగారి వద్ద ఈ పాఠం వల్లించిననాడు ఆ ఆరవవాడి మీద మాకు నవ్వు వచ్చేది. డెబ్బయి దాటిన తరువాత ఆ ఆరవవాడిని నేనే అయినాను.

కొన్ని సంవత్సరాల క్రిందట కార్తికమాసంలో ఉద్దానపు తీరగ్రామమొకదానిలో పురాణం చెప్పవలసి వచ్చింది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతాన తీరం దాటినప్పుడు ఆ ఊరి కొబ్బరిచెట్లు చాలావరకు నేలకూలినవి. తోట ఉన్నచోట మైదానం మిగిలింది, సముద్రపు గాలికి అడ్డు లేకపోయింది. నాలుగవనాటి సాయంకాలం హారతి అయిన పిమ్మట ఒక ముదుసలి నా వద్దకు వచ్చి ఇలా అన్నది: "పంతులుగారూ, నాలుగు దినాలూ ఒచ్చినాను. ఒక్క ముక్క ఇనబడనేదు. మీరు సెయ్యెత్తినప్పుడల్లా దండమెట్టుకున్నాను."

ఆమె నిష్ఠూరమాడలేదు. ఉన్నమాట చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎదుట మైకు ఉన్నది, రెండు స్పీకర్లు ఉన్నవి, అయినా మాట వెనుక వరుసకు చేరలేదు. ఈ సంగతి తెలిసిన పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరు, భక్తులు, మరునాడే ఇంకా పెద్ద స్పీకర్లు రెండు కొని ఇస్తామన్నారు. అప్పటికి నాకూ అది సబబుగానే తోచింది. మైకుసెట్టు నడిపే యువకుడు మాత్రం తల అడ్డంగా ఊపినాడు. ఎందుకని అడిగితే అతడు చెప్పిన కారణాన్ని నాకు తెలిసిన శాస్త్రభాషలోకి మార్చుకొని పాఠకులకు నివేదిస్తున్నాను. ఏ ఊరి దేవాలయానికైనా మైకుసెట్టు సమర్పించదలచిన దాతలు దీనిని ఒకసారి చదివి ముందుకు సాగవలెనని కోరిక.

దేవాలయాలలో సాధారణంగా కనిపించే, జల్లెడ వంటి గుండ్రని తల గల మైకును డైనమిక్ మైకు అంటారు. ష్యూర్ సంస్థవారు 1966లో తెచ్చిన ఎస్.ఎం.58 అనే మైకు ఈ జాతిలో లోకప్రసిద్ధం. లోపల పలుచని పొర, దానికి అంటిన తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. మాట తగిలి పొర కదిలితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. అది ఎంత అల్పమంటే, నోరు దగ్గర పెట్టి గట్టిగా పలికితే ఒకటి రెండు మిల్లీవోల్టులు, నావంటివాడు దూరం నుండి పలికితే అందులో పదవ వంతు. దీనిని మిక్సరు అనే పెట్టె దాదాపు ఒక వోల్టు స్థాయికి, అనగా వేయి రెట్లకు పైగా పెంచవలసి ఉన్నది. సాంకేతికులు ఈ వేయి రెట్లను 60 డెసిబెల్లు అంటారు. పది రెట్లకు 20, నూరు రెట్లకు 40, ఇలా లెక్క.

తక్కువ వెల మిక్సరులో గెయిన్ అనే మరను చివరంటా తిప్పితే మాటతోపాటు ఆ పెట్టెలోనే పుట్టే 'స్స్' మనే రొద కూడా పెరుగుతుంది. ఆనాడు మా సభలో రెండు సముద్రఘోషలు ఉండేవి, ఒకటి వెలుపల, ఒకటి పెట్టెలో. ఇక్కడ పెద్ద స్పీకర్లు పెట్టి ఏమి ప్రయోజనం? మొదటి తాళపత్రప్రతిలో లేఖకుడు చేసిన తప్పు దానిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోకీ దిగుతుంది, ఆ తరువాతివాడు ఎంత పెద్ద అక్షరాలతో వ్రాసినా తప్పు తప్పే. ధ్వని విషయమూ అంతే. మొదటి మెట్టులో చేరిన రొదను తరువాతి మెట్లన్నీ భక్తిశ్రద్ధలతో పెంచి ఇస్తాయి. కనుక చికిత్స మొదటి మెట్టు దగ్గరే జరగవలె.

అందుకు ఆ యువకుడు తెచ్చినది జేబులో పట్టే ఒక లోహపు గొట్టం. ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయర్ అని దాని పేరు. అమెరికాలో క్లౌడ్ మైక్రోఫోన్స్ వారి క్లౌడ్‌లిఫ్టర్, నెదర్లాండ్స్‌లో ట్రైటన్ ఆడియో వారి ఫెట్‌హెడ్ ఈ తరగతిలో పేరు పొందినవి, ఇతరుల తయారీలూ ఉన్నవి. దీనిని మైకుకూ తీగకూ నడుమ బిగిస్తారు. ఇది తక్కువ రొదతో మాటను సుమారు 25 డెసిబెల్లు, అంటే దాదాపు 18 రెట్లు పెంచి మిక్సరుకు అందిస్తుంది. మిక్సరు మరను ఆ మేరకు వెనుకకు త్రిప్పవచ్చును, రొద తగ్గుతుంది. పైగా మాట మైకు దగ్గరే బలపడి బయలుదేరుతుంది కనుక, పొడుగాటి తీగలో దారిపొడుగునా చేరే 'హుమ్' మనే కరెంటు ధ్వని దాని ముందు చిన్నబోతుంది.

దీనికి బ్యాటరీ లేదు. మిక్సరు మీద 48 వోల్టులని, ఫాంటమ్ పవర్ అని గుర్తున్న మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే అదే తీగ వెంబడి విద్యుత్తు మిక్సరు నుండి మైకు వైపుకు ఎదురు వెళుతుంది, మాట మైకు నుండి ఇటు వస్తుంది. రెండూ ఒకే దారిలో ఎట్లా నడుస్తాయని నేను అడిగినాను. తీగలోని రెండు పోగులలోనూ 48 వోల్టులు సమానంగా ఉంటాయట. మిక్సరు ఆ రెండింటి మధ్య భేదాన్ని మాత్రమే వినే స్వభావం కలది. సమానమైనదానికి భేదం లేదు కనుక అది వినబడదు. ఈ సమాధానం విని నాకు న్యాయశాస్త్రం చదివిన రోజులు గుర్తుకు వచ్చినవి.

మిక్సరులో ఆ మీట లేకపోతే ఈ పరికరం కొనడం దండుగ. కండెన్సర్ అనే మరొక జాతి మైకు తన పనికే 48 వోల్టులు కోరుతుంది, ఈ పరికరం ఆ విద్యుత్తును తానే వాడుకొని మైకుకు పోనివ్వదు. కాబట్టి దానికి ఇది తగదు. తీగ లేని చేతిమైకులో దీనిని బిగించే తావే లేదు. నాదస్వరం, డోలు, తప్పెటగుళ్ళ వారి మైకులకు అసలే వద్దు, అవి వాటంతట అవే చాలినంత ఇస్తాయి, ఇంకా పెంచితే ధ్వని పగిలిపోతుంది. మీట నొక్కే ముందు శబ్దం పూర్తిగా తగ్గించవలె, లేనిచో 'ధడ్' మని స్పీకరు అదురుతుంది, ముందు వరుసలోని పసిపిల్లలు జడుసుకుంటారు.

వీణ సంగతి వేరు. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో ఒకే పనసదుంగ నుండి తొలిచే వీణ నాదం మృదువైనది, పది వరుసల అవతలకు పోదు. అందుకని వైణికులు వీణకు అతికించే కాంటాక్టు మైకు వాడతారు. దాని విద్యుత్ స్వభావం డైనమిక్ మైకుకు భిన్నం, అది చాలా అధికమైన నిరోధం గల ద్వారం కోరుతుంది. దానికి డి.ఐ. బాక్సు అనో వాద్యాల ప్రీయాంపు అనో వేరే పెట్టె ఉన్నది. నేను చెప్పిన గొట్టం దానికి బిగిస్తే నాదంలోని గాంభీర్యం పోయి గీరు మాత్రం మిగులుతుంది.

ఇంతకూ దోషమంతా యంత్రానిది కాదు. నేను మైకును మూరెడు దూరాన పెట్టించుకునేవాడిని. పదిమంది నోటి తుంపర పడిన వస్తువు, ఎంగిలి అనే శంక. ధ్వని దూరం సగమైతే రెండింతలవుతుంది, మూర నుండి నాలుగు వేళ్ళ మేరకు వస్తే సుమారు ఆరింతలు. ఖర్చు లేని ఆరింతలు! యువకుడు నా శంక గ్రహించి, నాకు మాత్రమే ప్రత్యేకించిన మెత్తని స్పాంజి తొడుగు తెచ్చినాడు. దానితో ఎంగిలి శంకా తీరింది, సముద్రపు గాలి మైకును తాకి చేసే 'భుగభుగ' కూడా తగ్గింది. అయితే వ్యాసపీఠం మీది గ్రంథం చూడవలసినవాడిని, నాలుగు వేళ్ళ దూరంలో నోరు నిలుపలేను. జానెడుకు ఒప్పుకున్నాను. తక్కిన లోటు గొట్టం తీర్చింది.

కీచుమనే హౌలింగును ఈ పరికరం మాన్పదు. స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి వెళ్ళడం దానికి కారణం. స్పీకర్లను నా వెనుక నుండి తీసి ముందుకు, శ్రోతల వైపు జరిపిన తరువాతనే అది ఆగింది. స్థలాన్ని బట్టి ఇబ్బందులూ మారుతాయి. టెక్కలి చేరువ రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి తలపై కప్పు లేక వెలసినాడు, అటువంటి ఆరుబయట మాట చెదరిపోతుంది. రాతిమండపంలోనో అది గోడలకు తగిలి తిరిగి వచ్చి అక్షరం అక్షరంతో కలిసిపోతుంది. శిక్షాకారుడు పాఠకగుణాలలో అక్షరవ్యక్తిని చేర్చినాడు, బిగ్గరతనాన్ని కాదు. రాత్రి 10 గంటల తరువాత ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు కూడా చెబుతున్నవి.

జీడిపప్పు వ్యాపారిగారు పెద్ద స్పీకర్ల ఆలోచన మానుకొని ఈ గొట్టాలు రెండు, 48 వోల్టుల మీట గల చిన్న మిక్సరు ఒకటి సమర్పించినారు. మిగిలిన సొమ్ముతో వెనుక వరుసకు చాపలు వచ్చినవి.

మరుసటి కార్తికంలో అదే ఊరిలో అజామిళోపాఖ్యానం చెప్పినాను. హారతి తరువాత ఆ ముదుసలి మళ్ళీ వచ్చింది. "పంతులుగారూ, ఆడు కొడుకుని పిలిసినాడు గానీ దేవుడిని పిలవనేదు గదా. మరి ఇష్ణుదూతలు ఎందుకొచ్చినారు?" అని అడిగింది. సమాధానం చెప్పడానికి మరునాటి పురాణకాలమంతా పట్టింది.