పాత కటకం – కొత్త ఫలకం

ఛాయాగ్రహణం తొలినాళ్ళలో చిత్రం ఎంత పెద్దదిగా కావాలో, దానిని గ్రహించే గాజుపలక కూడా సాధారణంగా అంత పెద్దదిగా ఉండేది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) నాటి హైదరాబాదు వైభవాన్ని గాజుపలకలపైనే నిలిపాడు. అనంతరం పలక స్థానంలో ఫిల్ము వచ్చినా 4×5, 8×10 అంగుళాల పెద్ద ఫిల్ములను వాడే కెమెరాలు నిలిచే ఉన్నాయి. ఆ కెమెరాల కటకాలను నేటి డిజిటల్ కెమెరాకు అమర్చినచో లభించేదేమిటి? కోల్పోయేదేమిటి?

కటకం తన వెనుక ప్రతిబింబాన్ని వృత్తాకారంగా పరుస్తుంది. దీనిని చిత్రవృత్తం అంటారు. 4×5 అంగుళాల ఫిల్ము నిండాలంటే ఈ వృత్తపు వ్యాసం సుమారు 150 మి.మీ. ఉండాలి. డిజిటల్ కెమెరాలో ఫిల్ముకు బదులుగా సెన్సర్ అనే ఫలకం ఉంటుంది. 24×36 మి.మీ. సెన్సర్‌కు 43 మి.మీ. వృత్తం చాలును. దాని వైశాల్యం ఆ ఫిల్ములో సుమారు పదిహేనవ వంతు మాత్రమే. చెరువంతా పరచుకొన్న వెన్నెలను చెంబులో పట్టినట్లు, సెన్సర్ ఆ వృత్తంలోని నడిమి భాగాన్ని మాత్రమే గ్రహిస్తుంది. అందుచేత ఫిల్ముపై సహజ దృశ్యాన్నిచ్చిన 150 మి.మీ. నాభ్యంతరపు కటకం, సెన్సర్‌పై దూరపు వస్తువును దగ్గరకు తెచ్చే టెలిఫోటో కటకంవలె పనిచేస్తుంది.

ఇచట మూడు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది స్పష్టత. 8×10 అంగుళాల ముద్రణకు ఆ ఫిల్మును రెండు రెట్లు పెంచితే చాలు. సెన్సర్ చిత్రాన్ని ఎనిమిది రెట్లకు పైగా పెంచాలి. ఫిల్ముపై కనబడని లోపం ఇచట బయటపడుతుంది. పెద్ద కెమెరాలలో వాడుకగా ఉన్న ఎఫ్/22 రంధ్రం వద్ద వివర్తనం వలన ప్రతి కాంతిబిందువూ సుమారు 0.03 మి.మీ. మేర వ్యాపిస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ సెన్సర్‌లో ఒక్కొక్క పిక్సెల్ 0.006 మి.మీ. మాత్రమే. అనగా ఒక బిందువు ఐదు పిక్సెళ్ళ వెడల్పున అలుక్కుపోతుంది. కావున రంధ్రాన్ని అంతగా కుదించకుండుట మేలు.

రెండవది మిగులు కాంతి. కటకానికీ కెమెరాకూ నడుమ కొలిమితిత్తివలె ముడుచుకొనే పెట్టె ఉంటుంది. సెన్సర్‌పై పడని కాంతి దాని గోడలపై చెదరి చిత్రాన్ని వెలవెలబోయేట్లు చేస్తుంది. లోపల నల్లని పూత, కటకం ముందు లోతైన గొడుగు దీనికి విరుగుడు.

మూడవది కటకపు స్వభావం. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ రూపొందించిన కటకం చిత్రమధ్యంలో స్పష్టతను, అంచులలో సుడితిరిగే మసకను ఇస్తుంది. మధ్యభాగాన్నే గ్రహించే సెన్సర్‌కు ఆ సుడి దాదాపు చిక్కదు. ఏ గుణానికై ఆ కటకాన్ని కోరుకొన్నారో ఆ గుణమే జారిపోతుంది!

దీనికొక ఉపాయం ఉన్నది. కటకాన్ని కదపక, దాని వెనుక సెన్సర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక చిత్రాలు తీసి, కంప్యూటరులో అతికించవచ్చును. దృష్టిస్థానం మారదు గనుక అతుకులు చక్కగా కలుస్తాయి. విశాలమైన చిత్రవృత్తం తిరిగి దక్కుతుంది. అయితే చిత్రాలు తీసే కాలమంతా ఎదుటి వస్తువు నిశ్చలంగా ఉండాలి. శిల్పానికి, కుడ్యచిత్రానికి, తాళపత్రానికి ఈ పద్ధతి తగినది. ఊగే కొమ్మకు, నవ్వే పసిపాపకు తగదు.

పాత కటకం విలువ దాని వయస్సులో లేదు. దాని విస్తృతిని వాడుకొనగల పనిని, ఆ పనికి వలసిన ఓర్పును సమకూర్చినవానికే అది ఫలమిస్తుంది.