గిన్నె వంపుకు తగ్గ స్క్రేపర్: సాన దగ్గర చిట్కాలు

ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి కుంకుమ భరిణెలు తీస్తుంటే, కర్ర వెన్నలా వొదుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ నునుపులో సగం ఉలి మొనదే. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని వేప, మామిడి చెక్కతో గిన్నెలు తీసేవాళ్లకు కష్టమంతా లోపలి వంపు దగ్గరే. అక్కడ పనికొచ్చేది స్క్రేపర్. కొన్నది కొన్నట్టు వాడకుండా, మన గిన్నెకు తగ్గట్టు దాన్ని దిద్దుకోవాలి.

1. పాత ఆకురాయిని సానబట్టి స్క్రేపర్‌గా వాడకండి. ఆ ఉక్కు గాజులా పెళుసు. మొదట్లో నేను అలా చేసుకున్నది, గిన్నెలో మొన ఇరుక్కోగానే టూల్ రెస్ట్ దగ్గర రెండు ముక్కలైంది. ఒక ముక్క నా భుజం పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) పట్టీ కొనండి. 25 మి.మీ. వెడల్పు, 8 నుంచి 10 మి.మీ. మందం ఉంటే చాలు. పల్చటిదైతే లోతుకు వెళ్లేసరికి అదురుతుంది, ఆ అదురంతా చెక్క మీద గీతలుగా పడుతుంది.

2. ముందు గిన్నె లోపలి వంపును అట్ట మీద గీసి కత్తిరించుకోండి. మొన గుండ్రం దానికంటే చిన్నదిగా ఉండాలి. గిన్నెది అరచేతి గుంట అనుకుంటే, మొనది బొటనవేలి కొస. రెండూ అచ్చంగా కలిసిపోతే అంచంతా ఒకేసారి చెక్కను పట్టేసి ఉలిని చేతిలోంచి లాగేస్తుంది. ఒకసారికి చిటికెనవేలి గోరంత మేర తాకితే చాలు.

3. లోపలి పనికి ఎడమ పక్కను మొన నుంచి వెనక్కి రెండు మూడు సెంటీమీటర్ల దాకా గుండ్రంగా సానబట్టండి. గిన్నె గోడకు తగిలేది ఆ పక్కే.

4. మొన కింది వాలు 70–75 డిగ్రీలు ఉండాలి. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినితో కొలిచి, ఆ కోణానికి ఒక చెక్కముక్క కోసి గ్రైండర్ దగ్గరే ఉంచుకోండి. వాలుకు మార్కర్ ఇంకు పూసి ఒకసారి ఆనిస్తే, రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది.

5. హెచ్‌ఎస్‌ఎస్ సానలో నీలంగా మారినా టెంపర్ పోదు. వేడి మీద నీళ్లలో ముంచితేనే సన్నటి పగుళ్లు రావచ్చు. మామూలు కార్బన్ ఉక్కు సంగతి వేరు, దాన్ని మాటిమాటికీ చల్లార్చాలి.

6. నిజానికి కోసేది అంచు మీద సాన లేపిన సన్నటి పొలుసు. వర్క్‌షాపుల్లో దాన్ని బర్ అంటారు. గోరును పైముఖం మీదనుంచి అంచు బయటికి మెల్లగా జరిపితే చిన్న గట్టులా తగులుతుంది. అది ఉన్నంతసేపు మెత్తటి ఉంగరాల తురుము రాలుతుంది, అరిగిందంటే పొడి రాలుతుంది. పొడి కనబడగానే చేతి బలం పెంచకండి, లేత్ ఆపండి. గట్టి చెక్క మీద బర్ నిమిషాల్లో అరిగిపోతుంది. పైముఖాన్ని చదును రాయి మీద నాలుగుసార్లు రుద్ది పాత బర్ తీసేసి, వాలును తిరిగే సానరాయికి మెత్తగా ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి తిప్పండి. నిప్పురవ్వలు పైముఖం మీదికి వచ్చాయంటే అంచు దాకా సాన పడినట్టే.

7. గిన్నె లోపల పనిచేసేటప్పుడు మొన మధ్యరేఖ దగ్గర, లేదా కాస్త పైన ఉండాలి. పిడి కొంచెం ఎత్తండి, మొన కిందికి వాలుతుంది. అప్పుడు చెక్క పట్టినా మొన ఖాళీలోకి జారిపోతుంది.

8. కళ్లద్దాలు తప్పనిసరి. గ్లవ్స్, చున్నీ, వదులు చేతుల చొక్కాలు లేత్ దగ్గరకు రానివ్వద్దు. గ్రైండర్ స్విచ్ వేసేటప్పుడు రాయికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

9. అడ్డచెక్కతో చేసిన గిన్నెలో రెండుచోట్ల నార తలలు ఎదురవుతాయి. అక్కడ గరుకు లేస్తే ఇసుక కాగితం అందుకోకండి. బర్ కొత్తగా పెట్టుకుని, ఉలి బరువు కూడా మోపకుండా మరో రెండు చుట్లు తీయండి.