సిల్తారా ఇంటికప్పు: సౌర ఫలకాలు, ఉష్ణ పంపు

ఛత్తీస్‌గఢ్ ప్రజలు ‘నౌతపా’ అని పిలిచే తొమ్మిది దినాలు తెలుగువారికి క్రొత్తవి కావు. మన రోహిణి కార్తెలోని మొదటి తొమ్మిది దినాలే అవి. రోళ్ళు పగిలే ఎండ అని మనవారు అన్నా, తొమ్మిది దినాల తాపమని అక్కడివారు అన్నా అనుభవం ఒక్కటే. మే నెలలో రాయపూరు పగటి ఉష్ణోగ్రత సగటున 42 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరువగా ఉంటుంది.

రాయపూరుకు ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్ళే రహదారి మీద ఉన్న సిల్తారాలో ఈ ఎండకు మరొక వేడి తోడవుతుంది. ఇది స్పాంజి ఇనుము కార్ఖానాలకు ప్రసిద్ధి చెందిన పారిశ్రామిక కేంద్రం. ఇక్కడి కొలిములలో ముడి ఇనుము నుండి ప్రాణవాయువును తొలగించే పని బొగ్గుది. ఆ కొలిముల లోపలి ఉష్ణోగ్రత సుమారు వెయ్యి డిగ్రీలు. 1931లో విజయనగరం–రాయపూరు రైలుమార్గం పూర్తి అయిన పిమ్మట ఉత్తరాంధ్రకు, ఈ ప్రాంతానికి రాకపోకలు పెరిగాయి. రాయపూరులోను, 1959లో ఉక్కు ఉత్పత్తి ఆరంభించిన భిలాయిలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. కావున సిల్తారా ఇంటికప్పు గురించిన చర్చ మనకు పరాయి విషయం కాదు.

2024 ఫిబ్రవరిలో ‘ప్రధానమంత్రి సూర్యఘర్: ముఫ్త్ బిజ్లీ యోజన’ ప్రారంభమైనది మొదలు ఇంటి యజమానులలో ఒక ప్రశ్న తరచుగా వినవస్తున్నది. కప్పుపై సౌర ఫలకాలు అమర్చి, ఆ విద్యుత్తుతోనే వేసవిలో చల్లదనాన్ని, శీతకాలంలో వెచ్చదనాన్ని పొందవచ్చునా? పొందవచ్చును. అయితే ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది తెలియకుండా డబ్బు వెచ్చించిన కుటుంబం అవసరానికి మించిన యంత్రాన్ని, అవసరానికి మించిన ఫలకాలను కొనే ప్రమాదం ఉంది.

వేడిని తోడే యంత్రం

ఉష్ణం సహజంగా వేడి వస్తువు నుండి చల్లని వస్తువునకే ప్రవహిస్తుంది. నీరు పల్లమెరిగినట్లే ఇదియును. నీటిని మెరకకు ఎక్కించడానికి మన పూర్వులు ఏతాన్ని ఉపయోగించారు. ఉష్ణాన్ని చల్లని చోటు నుండి వేడి చోటునకు ఎక్కించే ఏతమే ఉష్ణ పంపు. ఇటువంటి యంత్రంతో ఇండ్లను వెచ్చబరచవచ్చునని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు విలియం థామ్సన్, అనగా తరువాతి లార్డ్ కెల్విన్, 1852లోనే సూచించాడు.

ఈ యంత్రంలోని రాగి గొట్టాలలో ఒక శీతలక పదార్థం తిరుగుతూ ఉంటుంది. నేడు మన ఇండ్ల యంత్రాలలో విరివిగా వాడబడుతున్న ఆర్-32 అనే శీతలకం సాధారణ వాయుపీడనంలో సుమారు మైనస్ 52 డిగ్రీల వద్దనే మరుగుతుంది. గది లోపలి గొట్టాలలో అది ఆవిరి అవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని బలంగా అదిమి మరింత వేడెక్కిస్తుంది. వెలుపలి గొట్టాలలో అది తిరిగి ద్రవమై, తెచ్చిన వేడిని బయటి గాలికి అప్పగిస్తుంది. ఇంతవరకు ఇది అందరెరిగిన ఎయిర్ కండిషనరే. ప్రవాహాన్ని త్రిప్పివేసే ఒక కవాటం చేర్చినట్లయితే అదే యంత్రం శీతకాలంలో బయటి గాలి నుండి వేడిని తోడి గదిలోనికి పోస్తుంది. అంగడిలో దీనిని ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీ అంటారు. మనదేశంలో అమ్ముడయ్యే ఏసీలలో చాలావరకు ఈ కవాటం ఉండదు కనుక కొనేముందు అడిగి తెలుసుకోవడం అవసరం.

దీని లాభం ఎక్కడున్నదో విద్యార్థులు గమనించాలి. తీగచుట్ట హీటరు ఒక యూనిట్ విద్యుత్తును తీసుకొని ఒక యూనిట్ వేడినే ఇవ్వగలదు. ఉష్ణ పంపు వేడిని పుట్టించదు, తరలిస్తుంది. అందుచేత ఒక యూనిట్ విద్యుత్తుతో మూడు, నాలుగు యూనిట్ల వేడిని గదికి చేర్చగలదు. బావి లోతు పెరిగిన కొలదీ ఏతం తొక్కేవాని శ్రమ పెరిగినట్లే, లోపలి బయటి ఉష్ణోగ్రతల నడుమ అంతరం పెరిగిన కొలదీ కంప్రెసర్ శ్రమ పెరుగుతుంది. బయట 43 డిగ్రీలున్నప్పుడు గదిని 20 డిగ్రీలకు దింపుమని కోరేవారు ఈ సంగతి మరచిపోతారు. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ ఎక్కువగా నిర్ణయించుకుంటే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. గది ఏసీలు మొదట 24 డిగ్రీల వద్ద ఆరంభం కావాలన్న నియమం 2020 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది.

మొదట ఇల్లు

పెంకుటింటి కప్పు గాలి పీల్చుకునేది. దాని స్థానంలో వచ్చిన సిమెంటు స్లాబు పగలంతా ఎండను త్రాగి రాత్రంతా గదిలోనికి విడుస్తుంది. ఇట్టి ఇంటిలో పెద్ద యంత్రాన్ని బిగించడం చిల్లి కుండలో నీరు పోయడం వంటిది. కాబట్టి కప్పుకు నీడ, పడమటి కిటికీకి చూరు, తలుపు సందులకు అడ్డు – ఈ చౌక పనులు ముందుగా జరగాలి. కప్పుకు సున్నపు పూత మరొక ఉపాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది. సిల్తారాలో మాత్రం ఆ తెల్లదనం నిలవడం కష్టం. కార్ఖానాల మసి దానిని నలుపు చేస్తుంది. నల్లబడిన పూత వలన ప్రయోజనం స్వల్పం.

ఇక్కడ సౌర ఫలకాలు రెండవ ఉపకారం చేస్తాయి. అవి విద్యుత్తునిచ్చే గొడుగులు. ఫలకాల క్రింది కప్పు, ఎండ నేరుగా తగిలే కప్పు కంటె సుమారు 3 డిగ్రీలు చల్లగా ఉన్నట్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ పరిశోధకులు 2011లో కనుగొన్నారు. ఫలకాలకు, స్లాబుకు మధ్య గాలి ఆడేటంత ఎడం ఉంచితే ఫలకాలకు సైతం మేలే.

ఆ మేలు ఎటువంటిదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఫలకం శక్తిని 25 డిగ్రీల వద్ద కొలుస్తారు. అంతకు మించిన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. నౌతపా మధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీలకు చేరితే నష్టం 14 శాతం! ఎండ ఎంత ఎక్కువైతే విద్యుత్తు అంత ఎక్కువ అన్న నమ్మకం ఇక్కడ సగమే నిజం. కావలసింది వెలుతురు, వేడి కాదు.

ఒక గది, మూడు కిలోవాట్లు

ఒకటిన్నర టన్నుల యంత్రం ఎనిమిది గంటలు నడిస్తే గది తీరును బట్టి రోజుకు సుమారు 8 యూనిట్లు ఖర్చు కావచ్చును. దీపాలు, పంకాలు, రిఫ్రిజిరేటరు కలిసి మరొక నాలుగైదు యూనిట్లు. నిర్మలమైన ఆకాశం క్రింద శుభ్రంగా ఉన్న ఒక కిలోవాట్ ఫలకాలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. కావున 3 కిలోవాట్లు సరిపోతాయి. అందుకు దాదాపు 30 చదరపు మీటర్ల నీడలేని కప్పు కావాలి. రాయపూరు 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున ఫలకాలను దక్షిణ దిశగా, సుమారు అంతే వాలులో నిలుపుతారు. కేంద్ర ప్రభుత్వ సహాయం ఒక కిలోవాట్‌కు 30,000, రెంటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయలు. దీనిని పొందాలంటే ఫలకాలు స్వదేశంలో తయారైనవి కావాలి, అమర్చే సంస్థ నమోదైనదై ఉండాలి.

‘ఇన్వర్టర్’ అనే మాట వలన గందరగోళం కలుగుతున్నది. కరెంటు పోయినప్పుడు దీపాలు వెలిగించే బ్యాటరీ పెట్టె ఒక ఇన్వర్టర్. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చే ఏసీ మరొక ఇన్వర్టర్. ఫలకాల ఏకముఖ విద్యుత్తును ఇంటికి పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చేది మూడవది. ఈ మూడవది సాధారణంగా బయటి విద్యుత్తు ఉన్నప్పుడే పనిచేస్తుంది. కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగలపై మరమ్మతు చేసే కార్మికునికి ఎవరి ఇంటికప్పు నుండియో వచ్చిన విద్యుత్తు తగలకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. మండుటెండలో కప్పుమీద 3 కిలోవాట్లు ఉండి ఇంట్లో పంకా ఆగిపోయిందని ఆశ్చర్యపడేవారికి అమర్చేవారు ముందే ఈ మాట చెప్పవలసి ఉంటుంది.

రాత్రి నిద్రవేళ యంత్రం నడవడానికి సూర్యుడు ఉండడు. పగటి మిగులును విద్యుత్ సంస్థకిచ్చి, రాత్రి తిరిగి పుచ్చుకునే లెక్కను రెండువైపులా తిరిగే నెట్ మీటరు వ్రాస్తుంది. అయితే మీటరులోని లెక్క వేరు, వాస్తవం వేరు. రాత్రి వచ్చే విద్యుత్తులో అధికభాగం ఛత్తీస్‌గఢ్ బొగ్గుదే. కనుక వీలైనవారు మధ్యాహ్నమే గదిని చల్లబరచి, తలుపులు మూసి, రాత్రికి తక్కువ వేగంతో నడుపుకోవడం మేలు.

నల్లని ధూళి

ఇతర పట్టణాలకు వర్తించే పాఠం సిల్తారాకు పూర్తిగా వర్తించదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో చేసిన మదింపులో సిల్తారా పారిశ్రామిక ప్రాంతం అతి తీవ్ర కాలుష్య ప్రాంతాలలో ఒకటిగా తేలింది. ఇక్కడ ఫలకాలపై వాలేది పొలం దుమ్ము కాదు. బొగ్గు మసి, ఇనుప రజను కలిసినది. రాత్రి మంచుకు తడిసి, ఉదయపు ఎండకు ఎండి, అద్దానికి పట్టుకుంటుంది. నెలకొకసారి కడిగితే చాలునన్న సలహా ఇచటివారికి పనికిరాదు. వారానికొకసారి తెల్లవారుజామున, ఫలకాలు చల్లగా ఉన్నప్పుడు, మెత్తని గుడ్డతో కడగాలి. కాగిన అద్దంపై చన్నీరు పోస్తే పగులవచ్చు. పొడిగా తుడిస్తే రజను గీతలు పెడుతుంది. ఉప్పు గల బోరునీరు ఆరిన తరువాత తెల్లని పొర మిగులుస్తుంది.

వెలుపలి యంత్రభాగానికి కూడా ఇదే జాగ్రత్త అవసరం. దానిని పడమటి గోడకు కాక, ఉత్తరపు నీడలో, చుట్టూ గాలి ఆడే చోట బిగించాలి. రేకుల సందులలో మసి నిండితే వేడి బయటకు పోదు, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రాగి గొట్టాలు పొట్టిగా ఉండాలి. శీతలకాన్ని వదిలేముందు గొట్టాలలోని గాలిని పంపుతో పూర్తిగా తీసివేయాలి. తొందరపడే పనివారు విడిచిపెట్టే మెట్టు ఇదే! యంత్రం ఆయువు దీనిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆర్-32 కొద్దిపాటి మండే గుణం కలది గనుక మరమ్మతు శిక్షణ పొందినవారి పనియే.

గోరసి ఉన్న ఇండ్లు

జనవరి రాత్రులలో రాయపూరు ఉష్ణోగ్రత సగటున 13 డిగ్రీలకు దిగుతుంది. పల్లెలలో మట్టితో చేసిన ‘గోరసి’, పట్టణాలలో ‘సిగ్డీ’ వెలుగుతాయి. రెండూ మన కుంపటి బంధువులే. నివురు గప్పిన బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటె దాదాపు 200 రెట్లు బలంగా అంటుకుంటుంది. మూసిన గదిలో నిద్రించేవానికి మెలకువ వచ్చే అవకాశమే తక్కువ. గదిలో ఏదీ మండించని ఉష్ణ పంపు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఐనప్పటికీ రెండు నెలల చలి కోసమే దానిని కొనడం వివేకం కాదు. వేసవికై ఎలాగూ ఏసీ కొనదలచిన కుటుంబం కొంచెం అధిక ధరకు రెండువైపులా పనిచేసేదానిని ఎన్నుకోవడం ఉచితం.

ఇదంతా సొంత కప్పు గలవారి మాట. సిల్తారా కార్ఖానాలలో పనిచేస్తూ అద్దె గదులలో ఉండే కార్మికులకు కప్పుపై హక్కు లేదు. సూర్యఘర్ సహాయం కప్పు గల గృహయజమానికే లభిస్తుంది. అట్టి గదులలో గోరసి ఇంకా కొంతకాలం ఉంటుంది. దానిని ఆరుబయటనే రగిల్చి, చలి కాచుకొని, నిద్రకు ముందు బయటనే విడిచిపెట్టాలి. నివురు చల్లారినట్లు కనిపించినా లోపల నిప్పు ఉంటుంది కనుక గడప దాటించరాదు.