సీటు ముందుకా, వెనక్కా?

ప్రశ్న: మాది రాయికల్. రోజూ కారులో జగిత్యాల పోయొస్తాను. దిగేసరికి నడుము, కుడి మోకాలు పట్టేస్తున్నాయి. సీటు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: సీటు మరీ వెనక్కి జరిపి, కాలు చాపి తొక్కుతున్నట్టున్నారు. బండి ఆపి, నడుము పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చోండి. క్లచ్చు, బ్రేకు అడుగుదాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచుకు అందాలి. అలాగని మీదపడి కూర్చోవద్దు. లోపల ఎయిర్‌బ్యాగు ఉంటుంది, ఛాతీకీ స్టీరింగు నడిమధ్యకూ 25 సెంటీమీటర్లైనా ఎడం కావాలి. హెడ్‌రెస్టు మెడకు దిండు కాదు, దాని పైఅంచు తల ఎత్తుకు రావాలి. సీటు జరిపే లీవరు వదిలాక సీటు టక్కున పడిందో లేదో ఊగి చూడండి. అద్దాలు ఆఖరున. అన్నట్టు, వెనక జేబులో లావుపాటి పర్సుంటే ముందు అది తీసేయండి.