ఫార్మకాలజీలోనే డిగ్రీ చేయొచ్చా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలని ఆసక్తి. ఫార్మకాలజీలో నేరుగా డిగ్రీ ఉందా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: బ్రిటన్‌లో బ్రిస్టల్ వంటి విశ్వవిద్యాలయాల్లో బీఎస్సీ ఫార్మకాలజీ ఉందమ్మా. అయితే దాంతో అక్కడ ఫార్మసిస్టుగా నమోదు కాలేరు, దానికి అక్కడి ఎంఫార్మ్ కోర్సు చదవాలి. లక్షలు పోసే ముందు ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

మన దగ్గర మామూలు దారి ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల బీఫార్మసీలో చేరడం. అందులో ఫార్మకాలజీ 4, 5, 6 సెమిస్టర్లలో వస్తుంది. అప్పటిదాకా కెమిస్ట్రీ, మాత్రల తయారీతో కుస్తీ తప్పదు. చాలామంది నీరసపడేది అక్కడే. ఆ మొదటి సెమిస్టర్లలో వచ్చే ఫిజియాలజీని (శరీర ధర్మశాస్త్రాన్ని) మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ప్రొప్రనొలాల్ అనే మందునే చూడండి. గుండెలోని బీటా గ్రాహకాలను (రిసెప్టర్లను) అడ్డుకుని నాడి వేగం తగ్గిస్తుంది. అలాంటి గ్రాహకాలే ఊపిరితిత్తుల్లోనూ ఉన్నాయి కాబట్టి ఆస్తమా ఉన్నవాళ్లకు అదే మాత్ర ఊపిరాడకుండా చేయొచ్చు. ఏ గ్రాహకం ఎక్కడుందో తెలిస్తే దుష్ప్రభావాల జాబితాను బట్టీ పట్టక్కర్లేదు.

జంతువులపై ప్రయోగాలంటే భయముంటే కంగారు వద్దు, డిగ్రీలో వాటిని ఎక్కువగా కంప్యూటర్ తెరమీదే చూపిస్తారు. అది కొంత లోటే అని నా అభిప్రాయం.

ఆఖరి ఏడాదిలో జీప్యాట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీ ఫార్మకాలజీలో చేరొచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ (జాతీయ ఫార్మా విద్యాసంస్థ)కు వేరే పరీక్ష ఉంటుంది. ఉద్యోగం త్వరగా కావాలంటే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కంపెనీలు బీఫార్మసీ వాళ్లను కూడా తీసుకుంటాయి.