షాపు మూసే ముందు పాఠకులతో చెప్పు

విజయవాడ



నీ ఉత్తరం అందింది. పుస్తకాల షాపు అద్దె మూడు నెలలు బాకీ పడ్డాననీ, సంక్రాంతి దాకా చూసి తాళం వేసేస్తాననీ రాశావు. షాపుకొచ్చే వాళ్లకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వడం లేదన్నావు. నాకు ఎక్కువ దిగులు పుట్టించింది ఆ చివరి మాటే.

ముందు లెక్క చూద్దాం. 200 రూపాయల పుస్తకం మీద నీకు 35 శాతం కమీషన్ అంటే 70 రూపాయలు. కొనే ఆయన 10 శాతం తగ్గించమంటాడు, కాదనలేవు. మిగిలేది 50. రోజుకి 20 పుస్తకాలు అమ్మినా వెయ్యి రూపాయలు. అందులోంచే అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, నీ ఇల్లు. ఆన్‌లైన్ వాళ్లు అంతకంటే ఎక్కువ తగ్గిస్తారు. పైగా 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ ఎత్తేసింది. పల్లెటూరి పాఠకుడికి చవగ్గా పంపే దారి అలా పోయింది. ఇందులో నీ చేతగానితనం ఏమీ లేదు తల్లీ. గ్రంథాలయాల కొనుగోళ్లను నమ్ముకుని మాత్రం అప్పు చెయ్యకు. ఇంటిపన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ పన్నే చాలాచోట్ల గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదు.

నీలాగే కష్టంలో పడి, ఆ సంగతి బయటికి చెప్పి నిలబడ్డ ఒక షాపు కథ చెబుతాను. పారిస్‌లో సిల్వియా బీచ్ అనే అమెరికన్ ఆవిడ 1919లో ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ పెట్టింది. ఇంగ్లీషు పుస్తకాలు అమ్మేది, చందా కట్టిన వాళ్లకి చదువుకోడానికి ఇచ్చేది. ప్రచురణకర్తలు జంకిన జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ని 1922లో తనే అచ్చు వేయించింది. అంత పేరున్న షాపు కూడా ఆర్థిక మాంద్యం వచ్చి అమెరికన్లు పారిస్ వదిలి వెళ్లిపోయేసరికి నడవని స్థితికొచ్చింది. మూసేద్దామనుకుంటున్న సంగతి ఆమె ఫ్రెంచ్ రచయిత ఆంద్రే జీద్‌తో చెప్పింది. చెప్పింది కాబట్టే ఆయన, తోటి రచయితలు కదిలారు. 1936లో షాపు మిత్రుల సంఘం పెట్టారు. ఏడాదికి 200 ఫ్రాంకుల చందా. సభ్యులు 200 మందే, ఆ గదిలో అంతకంటే పట్టరు. చందా కట్టిన వాళ్ల కోసం జీద్, వలేరీ, ఎలియట్, హెమింగ్వే వచ్చి తమ రచనలు చదివి వినిపించారు. ఆ తర్వాత 1941లో షాపు మూతపడింది జర్మన్ల ఆక్రమణలో, అప్పుల వల్ల కాదు. అదే పేరుతో ఇప్పుడు పారిస్‌లో ఉన్న వేరే షాపు కూడా కరోనా ఏడాదిలో అమ్మకాలు 80 శాతం పడిపోతే పాఠకులకే విన్నవించుకుంది. ఆర్డర్లు వెల్లువెత్తాయి.

నువ్వూ చెప్పు. విరాళం అడగొద్దు, చందా అడుగు. నెలకో ఆదివారం సాయంత్రం షాపులోనే ఒక కథకుణ్ణో కవినో పిలిచి చదివించు. చందా దాని కోసం. కొందరు వెయ్యి రూపాయలు ముందే ఇచ్చి ఏడాది పొడుగునా పుస్తకాలు తీసుకుంటామంటారు. ఇక్కడ జాగ్రత్త. సభలకి కట్టిన చందా నీది. పుస్తకాల కోసం ముందుగా ఇచ్చింది మాత్రం అప్పుతో సమానం. దాన్ని వేరే ఖాతాలో వెయ్యి, పాత అద్దెకి మళ్లించకు. చాలామంది ఇక్కడే మునుగుతారు.

ఏడాదిగా కదలని పుస్తకాలు తిరిగి తీసుకొమ్మని ప్రచురణకర్తలకి ఇప్పుడే రాయి. నీ దగ్గర డబ్బు ఉన్నప్పుడు మొదట సొంతంగా అచ్చు వేసుకున్న రచయితల బాకీ తీర్చు. వాళ్లు జీతంలోంచో పెన్షన్‌లోంచో తీసి అచ్చు వేసుకుంటారు, గట్టిగా అడగడానికి మొహమాటపడతారు. పెద్ద సంస్థలు ఇంకో నెల ఆగగలవు.

ఇంటి ఓనర్‌తో కూడా నువ్వే ముందు మాట్లాడు, ఆయన వచ్చి అడిగేదాకా ఉండకు. ఎంత కట్టగలవో, ఏ తేదీకో కాగితం మీద రాసివ్వు. ఇన్ని చేసినా ఆరు నెలల్లో నెల అద్దె నెలలో రాకపోతే అప్పుడు మూసెయ్యి. దానికి నేనేమీ అనను. కానీ నీ షాపులో చదువు నేర్చుకున్న పిల్లలు, పాతికేళ్లుగా కొంటున్న మాస్టార్లు తాళం చూసి తెలుసుకోవడం న్యాయం కాదు.

ఈ వారమే ఒక పేజీ రాసి, కౌంటరు దగ్గర అందరికీ కనపడేలా అంటించు. మొదటి చందా నా పేరున రాసుకో, డబ్బు పంపుతున్నాను.

ఇట్లు,
నీ పెదనాన్న