చిన్నమ్మ రమ్మంటే పంపు చెల్లీ

పదో తరగతి పరీక్షలు రాసిన నీ కూతుర్ని, అమెరికాలో ఉన్న చిన్నమ్మ సెలవులకు రమ్మంటోందనుకో. తుగ్గలిలో ఆ మాట పొక్కితే చాలు, "ఆడపిల్లను అంత దూరమా?" అంటారు. అదే మన ఆదోని, కోసిగి పల్లెల నుంచి బడి మాన్పించి మరీ పిల్లల్ని గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, తీసుకుపోతుంటే ఒక్కరూ అడ్డుపడరు. నాకు కడుపు మండేది అక్కడే.

దూరం వెళ్తే ఆడపిల్లకు ఏమవుతుందో కవయిత్రి సరోజినీ నాయుడును చూడు. హైదరాబాదులో పుట్టిన పిల్ల. గోవిందరాజులు నాయుడుగారిని ఇష్టపడితే ఇంట్లో ఒప్పుకోలేదు. 1895లో, పదహారేళ్లకు, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్లింది. అక్కడి పిట్టల మీదా పూల మీదా కవితలు రాస్తుంటే, ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు చదివి, ఇవన్నీ మానేసి మీ దేశం గురించి రాయమన్నాడు. ఆమె ఆ మాట విని తన దారి పట్టింది. 1898లో తిరిగొచ్చి ఆ తెలుగు డాక్టరు గోవిందరాజులుగారినే పెళ్లాడింది. తనకేం కావాలో అంత దూరంలోనే తేల్చుకుంది.

మన పిల్లనూ అక్కడ ఎవరో ఒకరు "మీ ఊళ్లో ఏముంది?" అని అడుగుతారు. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతకడం, ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాలు, పొద్దున్నే ఉగ్గాని బజ్జి... ఇంతకాలం ఫలానా వాళ్ల కూతురుగా తిరిగిన పిల్ల, తన సంగతి తన నోటితో చెప్పుకోవడం మొదలుపెడుతుంది. చెప్పగలదు కూడా. 2023 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన పదిమంది ఆంధ్ర ప్రభుత్వ బడి పిల్లల్లో ఆదోని కస్తూరిబా విద్యాలయం అమ్మాయి ఒకతె.

పాస్‌పోర్టుకు మీ ఆలుమగలిద్దరి అంగీకారం కావాలి, ముందే చూసుకోండి. చిన్నమ్మతోనూ నిక్కచ్చిగా మాట్లాడు. ఇంటిపనిలో చెయ్యి వేయడం వేరు, పసిపిల్లల్ని చూసుకునే ఆయాగా మిగిలిపోవడం వేరు. లైబ్రరీకో పార్కుకో తీసుకెళ్లమను. దారి తెలిశాక ఒక్కదాన్నే పోనివ్వమను.

తిరిగొచ్చాక ఎదురు మాట్లాడుతుంది, తలుపేసుకుని కూర్చుంటుంది. అందుకు భయపడి సంబంధాలు చూడొద్దు తల్లీ. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావో నువ్వే చెప్పమని దాన్నే అడుగు.